కల్పిత మరుభూములు : కత్తి బేరము

కావ్యప్రపంచమునకు కవియే బ్రహ్మ యని మన ఆలంకారికులు ఏనాడో అధికారమిచ్చిరి. ఆ అధికారమును కాదనువారెవరును లేరు. కల్పితలోకమును నిర్మించు రచయిత ఆకాశమున ఇద్దరు సూర్యులను నిలుపవచ్చును, ఇసుకకు ఎర్రరంగు పూయవచ్చును, ఒంటెకు బదులు మరియొక వింత జంతువును కల్పింపవచ్చును. పాఠకుడు అన్నింటికిని తలయూపును. కాని ఆ ఎడారిలో ఒక గుడారమును, గుడారమున ఒక వీరుని, వీరుని నడుమున ఒక కత్తిని చూపినపుడు మాత్రము ఒక చిన్న ప్రశ్న అడుగు హక్కు పాఠకునకు కలదు. ఆ కత్తి ఎవరు చేసిరి? ఏమిచ్చి కొనిరి?

ఇది కమ్మరి యడుగు ప్రశ్నయే కాని విమర్శకుడు అడుగవలసినది కాదని కొందరనవచ్చును. కమ్మరి యడిగినను ప్రశ్న ప్రశ్నయే. ఇనుపరాయి కరగవలెనన్న బొగ్గు కావలెను. బొగ్గునకు అడవి కావలెను. మూడు దినములకొక మజిలీ మారు జనులు కొలిమిని వెంట మోయగలరేమో గాని అడవిని మోయలేరు. కనుక ఎడారి సంచారి నడుమున ఇనుపకత్తి యున్నదనగా, ఎచ్చటనో ఒక అడవియు, ఒక కొలిమియు, ఒక సంతయు, ఆ సంతలో కత్తికి మారుగా దించిన ఉప్పుబస్తాయో ఉన్నిమూటయో ఉండి తీరవలెను. కవులు ఆ కత్తిని స్వాతంత్ర్యచిహ్నముగా వర్ణింతురు. లెక్క చూచిన అది అప్పుపత్రము వంటిది.

ఈ ప్రశ్నను తప్పించుకొనక ఎదుర్కొన్న నవల యొకటి కలదు. అమెరికా రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో గ్రంథరూపమున ప్రకటించిన ‘డ్యూన్’. 2021, 2024 సంవత్సరములలో వచ్చిన చలనచిత్రముల మూలమున మన యువరచయితలకును ఇది సుపరిచితమే. కథాస్థలము అరాకిస్ అను గ్రహము; నీటిబొట్టు బంగారము కన్న ప్రియమైన ఇసుకసముద్రము. అందు ఫ్రెమెన్ అను జనులు వసింతురు. ఇసుక క్రింద ఈదులాడు బ్రహ్మాండమైన పురుగు వారికి భయమును దైవమును కూడ. చచ్చిన పురుగు దంతమును సానబట్టి వారు కత్తి చేసికొందురు. పాలవలె తెల్లనిది. దానిని క్రిస్‌నైఫ్ అందురు.

హెర్బర్ట్ బుద్ధిసూక్ష్మత ఇచ్చటనే తెలియుచున్నది. ఎడారిలో ఇనుము లేదన్న చిక్కును అతడు గుర్తించెను. గుర్తించి ఎడారి కన్న బిడ్డయైన జంతువు నోటినుండియే కత్తిని పెరికెను. అంతటితో ఆగలేదు. ఆ కత్తులలో రెండు జాతులున్నవి. ఒకటి నిలువయుంచుటకై సంస్కరింపబడినది. రెండవది సంస్కారము లేనిది. మనుష్యదేహము చెంతనుండి దూరమైనచో కొంతకాలమునకు పొడియై రాలిపోవును. అనగా దుకాణపు అరలో పెట్టి అమ్ముటకు వీలులేని కత్తి యన్నమాట. ఏ జాతిదైనను ఆ గ్రహము దాటి పోరాదు. ఇట్లు బేరమునకు బొత్తిగా లొంగని వస్తువును కల్పించుట సామాన్యమైన పని కాదు.

మరి బేరమెచ్చటికి పోయినది? నవలలో బేరమునకు కొరత లేదు. ఆ ఇసుకలో దొరకు సుగంధద్రవ్యము కొరకే సామ్రాజ్యములు కొట్టుకొనుచుండును. ఫ్రెమెన్లు ఆ ద్రవ్యమునే రాశులుగా లంచమిచ్చి, తమ లోతట్టు ఎడారిపై ఆకాశమునుండి ఎవరి కన్నును పడకుండ కాపాడుకొనుచుందురు. దొంగరవాణాదారులతో వారికి లావాదేవీలున్నవి. ద్వంద్వయుద్ధమున జామిస్ అనువాడు చచ్చినపుడు వాని శరీరములోని నీటిని కొలిచి, ఆ కొలతకు సరిపడు లోహపు కడియములను గెలిచిన పాల్ చేతిలో పెట్టుదురు. మృతుని నీరు నాణెమగుట! ఇంత క్రూరమైన, ఇంత న్యాయమైన లెక్క ఆధునిక నవలలలో తరచుగా కనబడదు. కత్తిపోటునకును నీటికొలతకును నడుమ సాగిన ఆ ఘట్టమును మన కథకులు ఒకటికి రెండుమారులు చదువుట మంచిది.

అయినను ఒక లోపము నాకు తోచుచున్నది. హెర్బర్ట్ కత్తిని బేరమునుండి తప్పించి పూజాద్రవ్యముగా చేసెను. మేప్స్ అను ముసలి పరిచారిక రాణివంటి జెస్సికా యెదుటకు ఆ కత్తిని దాచి తెచ్చి, దీని అర్థము తెలియునా యని పరీక్షించును. జెస్సికా ఏదో చెప్పబోయి ‘కర్త’ అను అర్థమిచ్చు మాట యొకటి పలుకగానే ముసలిది విలపించును; ఏలయన ఆ జనుల పరిభాషలో ‘కర్త’ యనగా ఆ పురుగే. ఘట్టము అద్భుతముగా కుదిరినది. కాని ‘కర్త’ యన్న బిరుదు పురుగునకు పోవుటతో దంతమును కోసి, చెక్కి, సానబట్టి, పిడి అమర్చిన మనుష్యుడు కథలోనుండి జారిపోయినాడు. ఫ్రెమెన్ గుహలలో పనివారి సందడి వినబడును. కత్తి చేయువాని ముఖము మాత్రము కనబడదు. మోయువానికి గౌరవము, జంతువునకు దైవత్వము, చేసినవానికి సున్న. ఇది ఒక్క హెర్బర్టు దోషము కాదు. వీరగాథల కెల్లయు ఇది పుట్టుమచ్చ వంటిది.

ఇంకొక సంగతి. హెర్బర్ట్ కత్తిపోరు సంప్రదాయమును, కొన్ని మాటలను లెస్లీ బ్లాంచ్ 1960లో ప్రకటించిన ‘ది సేబర్స్ ఆఫ్ పారడైస్’ అను గ్రంథమునుండి గ్రహించినట్లు విమర్శకులు చూపిరి. అది కాకసస్ పర్వతములలో రష్యా చక్రవర్తులనెదిరించిన ఇమాము షామిల్ చరిత్ర. డ్యూన్‌లో పెద్దయింటివారు మొలలో దోపుకొను కింజల్ బాకు ఆ కొండలనుండి దిగివచ్చినదే. కొండజాతుల శౌర్యమును ఎడారికి తరలించినపుడు కొలిమి కొండమీదనే మిగిలిపోయిన దనవలెను.

నిజమైన ఎడారిని చూతము. సహారాలోని తువారెగ్ జనులు కత్తికి పేరుపడినవారు. ముంజేతికి కట్టుకొను ‘తెలెక్’ అను బాకును, ‘తకోబా’ అను నిడుపాటి ఖడ్గమును వారి పురుషులు ధరించుచుండిరి. వానిని చేయువారు ‘ఇనాదెన్’ అను వేరొక వర్గము. పెద్దకులములవారు ఇనుమును నేరుగా తాకుటకు శంకింతురు. అందుచేత పిడికి తోలో ఇత్తడియో తొడిగింతురు. పైగా ఆ ఖడ్గముల అలుగులు పెక్కు యూరపునుండి, ముఖ్యముగా జర్మనీలోని సోలింగెన్ వంటి కత్తుల పట్టణములనుండి, వర్తకులచేతులు మారి వచ్చినవి! బిల్మా, తావుదెన్ని గనుల ఉప్పును ఒంటెలపై దక్షిణమునకు దింపి, సజ్జలో బట్టయో తెచ్చుకొను బిడారులే ఆ శౌర్యమునకు పునాది. కత్తి యజమాని అంటుటకు జంకిన ఇనుమును అంటినవానికి అంటు కట్టిన సమాజమది. ఇంతటి నాటకము నిజముగా నుండగా కల్పకులు దీనిని విడిచి ఉత్త శౌర్యమునే ఏరుకొనుట చూడ జాలి కలుగును.

సహారా మనకు దూరమనుకొందుము. ఈ పంక్తులు వ్రాయుచున్న బోద్రీ, ఛత్తీస్‌గఢ రాష్ట్రమున బిలాసపురమునకు చేరువనున్న ఊరు. రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము నేడిచ్చటనే యున్నది. బిలాసపురమునకు మన తెలుగువారిని తెచ్చినది రైలు. 1887లో ఏర్పడిన బెంగాలు నాగపూరు రైల్వే సంస్థ 1891 నాటికి నాగపూరునుండి ఈ ఊరిమీదుగా ఆసన్సోలు వరకు ఇనుపదారి వేసినది. ఆ కొలువులలో కుదిరిన ఆంధ్రకుటుంబముల సంతతి నేటికిని ఇచ్చట ఉగాదిపచ్చడి చేసికొనుచున్నది. మనవారికి అన్నము పెట్టిన ఆ దారి మరి ఇద్దరి అన్నము తీసినది. ఒకరు సరకు మోసినవారు, రెండవవారు ఇనుము కరగించినవారు.

మోసినవారు బంజారాలు, మన లంబాడీలకు సోదరులు. 1632లో పీటర్ మండీ అను ఆంగ్లేయుడు పదునాలుగువేల యెద్దులుగల తండాను దారిలో చూచి వ్రాసికొనెను. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే పది పండ్రెండువేల యెద్దుల బారులను చెప్పి, వీరిలో నాలుగు తెగలున్నవనియు, ధాన్యము మోయు తెగ వేరు, బియ్యము మోయునది వేరు, పప్పు వేరు, ఉప్పు వేరనియు చెప్పెను. ఇసుక లేకపోయిన నేమి! పెరికె లెత్తిన యెద్దులు వేలుగా నడచుచుండగా లేచు దుమ్మును ఊహించిన ఎడారి కన్నులయెదుట నిలుచును.

వీరి విషయమున ఒక ఐతిహ్యము కలదు. షాజహాను మంత్రియైన ఆసఫ్‌ఖాను దక్కనుపై దండెత్తి వచ్చినపుడు, సేనకు ధాన్యము చేరవేయు భంగీ, జంగీ అను బంజారా నాయకులకు బంగారు అక్షరములతో రాగిశాసనము వ్రాయించి యిచ్చెనట. అందు మూడు వరములు. ఇండ్లలోని కుండలనీరు వాడుకొనవచ్చును. కప్పులమీది గడ్డి పెరికి యెద్దులకు వేయవచ్చును. దినమునకు మూడు హత్యలవరకు క్షమింపబడును. రస్సెలు, హీరాలాలు గార్లు 1916లో ప్రకటించిన మధ్యరాష్ట్రముల కులచరిత్రలో ఈ కథను చూడవచ్చును. చరిత్రగా దీని నిజానిజములు చరిత్రకారులు తేల్చుకొందురు గాక. కథగా ఇది మాణిక్యము. నీరు, గడ్డి, నెత్తురు మూడింటిని ఒకే తూకమున తూచి, ఆ తూకమునకు ధాన్యపు ఒప్పందమును పడికట్టుగా పెట్టినది. సంచారి కత్తికి అనుమతి ఏ శౌర్యమువలనను రాలేదు, సరకు సమయమునకు చేర్చుటవలన వచ్చినది. కల్పితలోకమునకు ఇటువంటి శాసనమొక్కటి వ్రాయగల రచయిత నూరుపుటల వర్ణన మానుకొనవచ్చును.

ఉక్కు మాట వచ్చినది గనుక ఒక అడుగు తెలంగాణమువైపు. నిజామాబాదు మండలమున కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి మూసలలో వండిన ఉక్కును కొనుటకు పారశీకదేశపు వర్తకులు స్వయముగా వచ్చి కూర్చుండెడివారని 1832లో అచ్చైన వోయ్సే దొరగారి వర్ణనవలన తెలియుచున్నది. పాశ్చాత్యులు ‘వూట్జ్’ అని పలుకునది మన ‘ఉక్కు’ మాటయే యని పండితుల అభిప్రాయము. దమస్కు కత్తి యని అరబ్బు కథలలో మెరయుదానికి ముడిసరకు దక్షిణదేశపు మూసలనుండియు పోయినది. పరదేశపు ఎడారినుండి కత్తిని అరువు తెచ్చుకొను తెలుగు రచయితకు, అది ఒకప్పుడు తన పెరటినుండి వెళ్లినదే యని గుర్తుచేయుట అనుచితము కాదు.

ఇక అసలు నొప్పి కలిగించు విషయము. కత్తిని బేరమునుండి విడదీయుట కల్పనలో దోషమైతే పోనీయవచ్చును. ఆ పనిని ప్రభుత్వమే చేసిన ఉదాహరణము మన తెలుగుదేశమున కలదు. ఎరుకలవారు, కొరచలు పూర్వము ఉప్పును ధాన్యమును గాడిదలమీద, ఎద్దులమీద వేసికొని సముద్రతీరమునకును లోనాడునకును నడుమ తిరిగిన వర్తకులు. వెదురు, ఈతాకు చీల్చి బుట్టలల్లువారు. బుట్ట యల్లువానికి కత్తి చేతివ్రేలి వంటిది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైళ్లును, ప్రభుత్వపు ఉప్పువిధానమును వారి బేరమును తుడిచిపెట్టిన తీరును మీనా రాధాకృష్ణగారు 2001లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా నిరూపించిరి. బేరము పోయినది, తిరుగుట మిగిలినది. బేరము లేక తిరుగువాడు చట్టము కంటికి దొంగ. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నరాజధానికి వచ్చినది. కులములకు కులములే పోలీసు పుస్తకములకెక్కినవి. ఊరు దాటవలెనన్న చీటీ కావలసివచ్చెను. 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ యాజమాన్యమున స్టువర్టుపురము వెలసినది. ఆ చట్టము 1952లో రద్దయినది.

చట్టము రద్దయినను సాహిత్యమున రద్దు కాలేదు. ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ (1991) మొదలు ‘టైగర్ నాగేశ్వరరావు’ (2023) వరకు ఆ ఊరిపేరు పలుకగానే ప్రేక్షకుని మనస్సున మెరయునది కత్తియే, ఉప్పు కాదు. ఆ చిత్రములు సానుభూతితో తీసినవే కావచ్చును. కాని సానుభూతి సైతము పోలీసు పుస్తకము తెరచిన పుటనుండియే మొదలగుచున్నది. దానికి ముందరి పుటలో ఉప్పు లెక్కలున్నవన్న స్మృతి లేదు. మన ప్రాచీనులీ విషయమున కొంత మేలు. వేంకటాచలకథలో శ్రీనివాసుడంతవాడు ఎరుకలసాని వేషమున ఆకాశరాజు అంతఃపురమున ప్రవేశించును. ద్వారపాలకుడు ఆమెను ఆపి దొంగయేమో యని వెదకడు; రాణి పీటవేసి సోదె అడుగును. తిరిగెడు స్త్రీ రాజగృహమునకు వార్త తెచ్చు గౌరవనీయురాలన్న లోకజ్ఞానము ఆ కథలో నిలిచియున్నది. కొరవంజి పాత్రను యక్షగానములు పెంచి పోషించినది కూడ ఈ జ్ఞానముతోనే. ఆ కొరవంజి బుట్టలో ఏమున్నదో, ఎంతకమ్మునో మన యక్షగానకర్తలును అంతగా పట్టించుకొనలేదనుట వేరుమాట.

హిందీలో ఈ లోటును ఒకడు గ్రహించెను. రాంగేయ రాఘవ, తిరుపతినుండి ఉత్తరమునకు వెళ్లి భరతపుర ప్రాంతమున స్థిరపడిన తమిళకుటుంబమువాడు. ముప్పదితొమ్మిదేండ్లకే 1962లో గతించిన ఈతడు 1957లో ‘కబ్ తక్ పుకారూఁ’ అను నవలలో కర్నటులను సంచారజనమును చిత్రించెను. ‘ధర్తీ మేరా ఘర్’ అను నవలకు గాడియా లోహారులను తీసికొనెను. ఈ లోహారులే మన ప్రశ్నకు సూటియైన జవాబు. రాజస్థానపు ఎడారిదారులలో కొలిమినే బండిమీద కెక్కించుకొని తిరుగు కమ్మరులు. 1568లో చిత్తోడుకోట అక్బరు వశమైనపుడు, కోట మరల తమది యగువరకు కప్పు క్రింద నిదురింపమని, దీపము వెలిగింపమని ప్రతిజ్ఞ చేసినవారి సంతతి తామని చెప్పుకొందురు. 1955లో జవహర్‌లాల్ నెహ్రూ వారిని వెంటబెట్టుకొని ఆ కోటలో ప్రవేశించెను. రాజుల కత్తులు చేసినవారని ఐతిహ్యము. ఊరూర దిగి కొడవలి, గొడ్డలి, పట్టుకారు చేసి యమ్ముట బ్రతుకు. భర్త ఎర్రని ఇనుమును దాగలిమీద పట్టుకొనగా భార్య సమ్మెట యెత్తి వేయును. ఖడ్గమునుండి కొడవలికి దిగిన ఆ నాలుగు వందల యేండ్ల ప్రయాణములో ప్రతిజ్ఞ ఎంత, గిరాకి ఎంత? ఇది నవలాకారుడు తేల్చవలసిన లెక్క. మన భాషలో బైట కమ్మరులున్నారు, వారి బండ్లు మన సంతలలోనే నిలిచినవి. కాని ఆ సమ్మెట చప్పుడు మన కథలలో నాకు గట్టిగా వినబడలేదు.

తెలుగు కల్పనాసాహిత్యమునకు ఈ దారి కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీకథలు’ నిర్మాణమే నడకమీద నిలిచినది. మజిలీ యన్న మాట బిడారులది. దాసరి సుబ్రహ్మణ్యముగారు చందమామకు వ్రాసిన ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలతో పెరిగిన తరములకు కల్పితదేశములలో తిరుగుట బాల్యవిద్య. నడక మనకున్నది, మజిలీ యున్నది, కత్తియున్నది. మజిలీలో బేరమాడు గొంతు ఒకటి చేరవలసియున్నది.

ఇనుము కరగించినవారిని గూర్చి చెప్పుట మిగిలినది. బిలాసపురమునకు ఉత్తరమున మైకల కొండలలో అగరియాలను వెరియర్ ఎల్విన్ దర్శించి 1942లో వారి పేరనే ఒక గ్రంథము ప్రకటించెను. మట్టితో కట్టిన చిన్న కొలుములు. కాళ్లతో త్రొక్కు తిత్తులు. ప్రభుత్వము కొలిమి కొలిమికి పన్ను వేసెను. అడవులు రక్షితములై బొగ్గు కాల్చుట కష్టమాయెను. రైలు తెచ్చిన చౌక యినుము మిగిలిన పని ముగించెను. కాని ఆ జనులకు తమదైన కల్పితలోకమొకటి కలదు. లోహరీపురమను ఇనుపనగరము. దానిని లోగుండి యను అగరియా రాజు పాలించును. సూర్యునితో వైరము వచ్చి నగరమెల్ల దగ్ధమగును. కొలిమిలో లోహాసురుడు, బొగ్గులో కోయిలాసురుడు, నిప్పులో అగ్యాసురుడు నేటికిని కూర్చున్నారు. కోడి నిచ్చి అడిగినగాని ఇనుము దిగదు. ఎడారి వీరుల కథలలో లేని రాజు ఈ కథలో నున్నాడు. అతని అధికారము కత్తి చేతబట్టుటవలన వచ్చినది గాదు, ఇనుము కరగించు విద్యవలన వచ్చినది. అతని శత్రువు సాటిరాజు గాడు, మిట్టమధ్యాహ్నపు సూర్యుడు. బోద్రీనుండి ఒక పూట ప్రయాణముననున్న ఈ లోకమును తెలుగు కాల్పనికులెవరైనను చూచివచ్చినారా?